తేదీ వేయని పాత యూరప్ మ్యాపు ఏ ఏడాదిది? సరిహద్దులు చూసి తేల్చే పద్ధతి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీ తాతగారి ట్రంకు పెట్టెలో వెనక గుడ్డ అంటించి మడతలు పెట్టిన, లండన్‌లో వేసిన ఇంగ్లీషు మ్యాపు ఒకటి దొరికింది. యూరప్ మొత్తం ఉంది, ఎక్కడా సంవత్సరం లేదు. బాల్టిక్ తీరంలోని డాంజిగ్, మెమెల్ రెండూ విడి రంగుల్లో ఉన్నాయి. ఏడ్రియాటిక్ తీరంలోని ఫియూమెను స్వతంత్ర రాజ్యంగా చూపించారు. పెట్రోగ్రాడ్, క్రిస్టియానియా అన్న పేర్లు ఉన్నాయి. టర్కీ తీరంలోని స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) చుట్టూ గ్రీసు రంగు వేశారు. జర్మనీ, పోలెండ్ మధ్య ఉన్న అప్పర్ సైలీషియా రెండు ముక్కలైంది. ఒకరేమో ఇది 1919 నాటి వెర్సాయ్ సంధి మ్యాపు అన్నారు, ఇంకొకరు 1925 అన్నారు. ఏది నిజం, ఇది అసలుదేనా, ఎలా దాచుకోవాలి, ఇప్పటి మ్యాపు మీద పరిచి చూడటం ఎలా అన్నవి మీ ప్రశ్నలు.

మీరు చెప్పిన గుర్తులన్నీ సరిగ్గా చదివినవే అయితే అది 1919దీ కాదు, 1925దీ కాదు. 1921 అక్టోబరు మూడో వారానికి ముందు ఆ మ్యాపు గీయడం కుదరదు. 1923 ఫిబ్రవరి తర్వాత గీసి ఉంటారనుకోవడానికి ఆధారం లేదు. 1922లో అచ్చయిందని నా అంచనా. ఈ లెక్క ఎలా వచ్చిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇదే పద్ధతి రెండు యుద్ధాల మధ్య వచ్చిన ఏ మ్యాపుకైనా పనికొస్తుంది.

అసలు సూత్రం ఒక్కటే. మ్యాపులో కనిపించే మార్పుల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో పట్టుకోవాలి. దాని తేదీ గట్టి హద్దు, మ్యాపు అంతకన్నా ముందుది కాలేదు. ఇంకా మారకుండా మిగిలిపోయిన పాత పేర్లు, పాత గీతలు ఇచ్చే హద్దు మెత్తనిది. ప్రచురణకర్త దిద్దడం మరిచిపోయి ఉండొచ్చు, ఖర్చని ఊరుకుని ఉండొచ్చు, ఆ మార్పును ఒప్పుకోకపోయి ఉండొచ్చు. ఎక్కువమంది దీన్ని తలకిందులు చేస్తారు. పెట్రోగ్రాడ్ కనిపించగానే "1924కి ముందుదే" అని తీర్మానించేస్తారు. ఆ ఒక్క పేరు మీద అంత బరువు పెట్టకూడదు. అలాంటి పాత గుర్తులు నాలుగైదు ఒకే కాలం దగ్గర ఆగిపోతే మాత్రం నమ్మొచ్చు. మీ మ్యాపులో జరిగింది అదే.

ఇంకో మెలిక ఉంది. గట్టి హద్దుగా ఏ తేదీ తీసుకోవాలి? ప్రాంతం చేతులు మారిన రోజు కాదు, ఆ గీత మొదటిసారి ప్రపంచానికి తెలిసిన రోజు. పత్రికల్లో షరతులు రాగానే ప్రచురణకర్తలు పోటీపడి మ్యాపులు వదిలారు. కొన్ని గీతలు మ్యాపుల మీద కనిపించాయి గానీ నేల మీద ఎప్పుడూ అమలు కాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 నవంబరు 11న కాల్పులు ఆగాయి. సరిహద్దులు కుదుటపడటానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. జర్మనీతో వెర్సాయ్ సంధి 1919 జూన్ 28న సంతకాలై 1920 జనవరి 10న అమల్లోకి వచ్చింది. ఆస్ట్రియాతో సాఁజెర్మాఁ సంధి 1919 సెప్టెంబరు 10న, బల్గేరియాతో న్యూయీ సంధి 1919 నవంబరు 27న, హంగరీతో ట్రియనాన్ సంధి 1920 జూన్ 4న జరిగాయి. ఒట్టోమన్ సామ్రాజ్యంతో 1920 ఆగస్టు 10న కుదిరిన సేవ్ర్ సంధి అమలుకే రాలేదు. దాని బదులు 1923 జులై 24న లోజాన్‌లో మరోటి రాసుకోవలసి వచ్చింది. పోలెండ్ తూర్పు సరిహద్దు ఈ సంధుల్లో దేనిలోనూ లేదు. అది యుద్ధంలో తేలి, 1921 మార్చి 18న రిగా ఒప్పందంలో రాతకెక్కింది. అందుకే "వెర్సాయ్ మ్యాపు" అన్న మాట అమ్మకందారులు వాడినప్పుడు దానికి తేదీగా విలువ ఇవ్వకండి. 1920 నుంచి 1938 దాకా వచ్చిన ప్రతి మ్యాపునూ అలాగే పిలుస్తున్నారు.

ఇక మీ మ్యాపు. అన్నిటికన్నా విలువైన గుర్తు అప్పర్ సైలీషియా. దాని కథ తెలిస్తే 1919 నుంచి 1922 మధ్య మ్యాపుల్ని నెలల లెక్కన విడదీయొచ్చు. 1919 మే 7న జర్మన్లకు ఇచ్చిన సంధి ముసాయిదాలో ఆ బొగ్గు గనుల ప్రాంతాన్ని దాదాపు మొత్తంగా పోలెండ్‌కి రాశారు. జర్మనీ గట్టిగా అడ్డం తిరిగాక, జూన్‌లో దాన్ని మార్చి అక్కడ ప్రజల ఓటింగు పెడతామన్నారు. కాబట్టి అప్పర్ సైలీషియా అంతా పోలెండ్ రంగులో కనిపించే మ్యాపు ఆ ముసాయిదా చూసి హడావిడిగా గీసింది. అలాంటివి అరుదు, దొరికితే వదలొద్దు. అదే ముసాయిదాలో ష్లెస్విగ్‌లో ఓటింగుకి మూడు మండలాలు ఉండేవి. చివరి సంధిలో మూడోదాన్ని తీసేశారు. మూడు మండలాల ష్లెస్విగ్, మొత్తం పోలిష్ సైలీషియా రెండూ ఒకే కాగితం మీద ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

సైలీషియాను గళ్లతోనో వాలు గీతలతోనో నింపి ఓటింగు ప్రాంతం అని రాస్తే, అది 1919 జూన్ తర్వాత, 1921 అక్టోబరు లోపు గీసిన పలక (మ్యాపు అచ్చువేసే పలక). ఓటింగు 1921 మార్చి 20న జరిగింది. సుమారు 60 శాతం జర్మనీ వైపు, 40 శాతం పోలెండ్ వైపు పడ్డాయి. అయినా ప్రాంతాన్ని ఎక్కడ కోయాలో మిత్రరాజ్యాలు తేల్చుకోలేక నానాజాతి సమితికి అప్పజెప్పాయి. విభజన గీతను మిత్రరాజ్యాల రాయబారుల సభ 1921 అక్టోబరు 20న ప్రకటించింది. మీ మ్యాపు గట్టి హద్దు ఈ తేదీయే. నేల మీద అప్పగింత 1922 వేసవిలో జరిగింది. భూతద్దంతో ఒకసారి చూడండి: కటోవిచె పోలెండ్‌లో ఉండాలి, గ్లైవిట్జ్, బాయ్టెన్ జర్మనీలో ఉండాలి. బాయ్టెన్ మూడు వైపులా పోలెండ్ చుట్టుకుని ముక్కులా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. ఆ ముక్కు లేకుండా గీత నున్నగా పోతే, అది అసలు విభజన గీత కాకుండా ఎవరో ప్రతిపాదించిన ఊహాగీత కావచ్చు. అప్పుడు ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలి.

డాంజిగ్ విడిగా ఉండటం మీకు పెద్దగా సాయపడదు. స్వేచ్ఛానగరంగా అది 1920 నవంబరు 15 నుంచి 1939 దాకా ఉంది. సంధిలో రాసింది కాబట్టి 1919 మ్యాపుల్లోనూ కనిపిస్తుంది. మెమెల్ అలా కాదు. జర్మనీ నుంచి తీసి ఫ్రెంచి పాలనలో ఉంచిన ఆ సన్నని ముక్కను 1923 జనవరిలో లిథువేనియా ఆక్రమించింది. ఫిబ్రవరి 16న రాయబారుల సభ దాన్ని ఒప్పుకుంది. కాబట్టి మెమెల్ విడి రంగు 1919 నుంచి 1923 ఆరంభం దాకా. ఆ తర్వాత కొందరు లిథువేనియా రంగే వేసి చుట్టూ సన్నని చుక్కల గీత ఉంచారు, ఎందుకంటే దానికి స్వయంపాలన ఉండేది. మీ మ్యాపులో రంగే వేరా, గీత మాత్రమే వేరా అన్నది జాగ్రత్తగా చూడండి. రంగు కూడా లిథువేనియాదే అయితే మ్యాపు 1923 వైపు జరుగుతుంది.

ఫియూమె విషయంలో తేదీలు చక్కగా ఉన్నాయి. ఇటలీ, సెర్బు-క్రొయేటు-స్లొవీను రాజ్యం (తర్వాతి యుగోస్లావియా) కలిసి 1920 నవంబరు 12న రపాలోలో దాన్ని స్వతంత్ర రాజ్యం చేశాయి. 1924 జనవరి 27న రోమ్ ఒప్పందంతో అది ఇటలీలో కలిసింది. పెట్రోగ్రాడ్ కూడా 1924 జనవరిలోనే లెనిన్‌గ్రాడ్ అయింది. క్రిస్టియానియా 1925 జనవరి 1న ఓస్లో అయింది. 1925 అన్నవారు బహుశా ఈ ఒక్క పేరు చూసి, ఆఖరి తేదీనే మ్యాపు తేదీగా చెప్పేసి ఉంటారు.

స్మిర్నా దగ్గర ఆగి చూడాలి. సేవ్ర్ సంధి ప్రకారం ఆ ప్రాంతం పేరుకి ఒట్టోమన్లదే, పాలన గ్రీకులది. మ్యాపులవాళ్లు గ్రీసు రంగే పూసేశారు. తూర్పు థ్రేస్ కూడా కాన్‌స్టాంటినోపుల్‌కి కొద్ది దూరం దాకా గ్రీసు రంగులో ఉంటుంది. 1922 సెప్టెంబరు 9న టర్కీ సేనలు స్మిర్నాలోకి వచ్చాయి, అక్టోబరు 11న ముదన్యాలో కాల్పుల విరమణ కుదిరింది. ఆ తర్వాత ఆ రంగు వేయడానికి ఏ లండన్ ప్రచురణకర్తకీ కారణం లేదు. అందుకే మీ మ్యాపు 1922 శరదృతువు దాటలేదని నా నమ్మకం. అయినా ఇది మెత్తని హద్దే. గోదాములో మిగిలిన కాగితాలకు 1923లో గుడ్డ అంటించి అమ్మి ఉండొచ్చు. గీసిన తేదీ, అచ్చేసిన తేదీ, అమ్మిన తేదీ మూడూ వేరు అన్నది మరవకండి.

ఇంకో నాలుగు చోట్లు చూసి చెప్పండి. మొదటిది షోప్రాన్ ఊరు, వియన్నాకి దక్షిణంగా, నాయ్‌జీడ్లర్ సరస్సు పక్కన ఉంటుంది. ఆ ఊరున్న బర్గెన్‌లాండ్ ప్రాంతం మొత్తాన్ని సంధులు ఆస్ట్రియాకి ఇచ్చాయి. 1921 డిసెంబరు 14 నుంచి 16 దాకా షోప్రాన్‌లో ఓటింగు జరిగి ఆ ఊరు హంగరీకి మిగిలింది. కాబట్టి హంగరీ సరిహద్దు అక్కడ పడమటికి మేకులా పొడుచుకెళితే మీ గట్టి హద్దు 1921 అక్టోబరు నుంచి డిసెంబరుకి జరుగుతుంది. రెండోది ఐర్లండ్. ఉత్తర ఐర్లండ్ 1921 మేలో విడిగా ఏర్పడింది, ఐరిష్ ఫ్రీ స్టేట్ 1922 డిసెంబరు 6న వచ్చింది. ఫ్రీ స్టేట్ పేరు ఉంటే నా అంచనా తప్పినట్టే. లేకపోతే మాత్రం దాన్ని గట్టి సాక్ష్యం అనుకోకండి. లండన్ ప్రచురణకర్తలు చాలాకాలం ఐర్లండ్ అంతటికీ బ్రిటన్ రంగే వేస్తూ వచ్చారు. మూడోది విల్నో (ఇప్పటి విల్నియస్). 1920 అక్టోబరు నుంచి 1922 వసంతం దాకా మధ్య లిథువేనియా అనే చిన్న రాజ్యం అక్కడ ఉండేది. తర్వాత పోలెండ్‌లో కలిసింది. నాలుగోది రష్యా తూర్పు కొస, మ్యాపు అంతదాకా ఉంటే. 1920 ఏప్రిల్ నుంచి 1922 నవంబరు దాకా దూరప్రాచ్య గణతంత్రం అనే రాజ్యం పసిఫిక్ తీరాన ఉంది. సోవియట్ యూనియన్ పేరు మాత్రం 1922 డిసెంబరు 30కి ముందు ఎక్కడా రాదు.

పేర్లు చదవలేనంత చిన్న మ్యాపులకు ఆకారాలు పనికొస్తాయి. ఫిన్లండ్‌కి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం దాకా సాగిన చెయ్యి ఉంటే అది పెట్సామో, 1920 నుంచి 1944 దాకా. బల్గేరియా ఏజియన్ సముద్రాన్ని తాకుతుంటే 1913-1919 మధ్య సరిహద్దులు. ఇటలీ ఉత్తరాన బ్రెన్నర్ కనుమ దాకా వెళితే యుద్ధం తర్వాతిది. సార్ ప్రాంతం జర్మనీ నుంచి విడిగా ఉంటే 1920-1935. మూలన ఆఫ్రికా చిన్న పటం ఇచ్చి ఉంటే దాన్ని తప్పక చూడండి. అప్పర్ వోల్టా కాలనీ 1919లో పుట్టి, 1932లో రద్దయి, 1947లో మళ్లీ వచ్చింది. జర్మన్ తూర్పు ఆఫ్రికా 1920లో టాంగన్యికా అయింది. కెన్యా తూర్పు చివర జుబాలాండ్ 1925లో ఇటలీ చేతికి వెళ్లింది. యూరప్ పలకను శ్రద్ధగా దిద్దిన ప్రచురణకర్తలు మూలన ఉన్న చిన్న పటాల్ని అలాగే వదిలేసిన సందర్భాలు ఎన్నో. అందుకే ఆ చిన్న పటం నుంచి గట్టి హద్దు తీసుకోండి, మెత్తని హద్దు మాత్రం ఎప్పుడూ తీసుకోకండి.

తప్పుదారి పట్టించేవి ముఖ్యంగా రెండు. ఒకటి ప్రచురించిన దేశం రాజకీయం. మీది లండన్‌ది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. కానీ జర్మన్ బడి అట్లాసులు 1914 సరిహద్దును దశాబ్దాల పాటు అదనపు గీతగా మోశాయి. హంగరీ మ్యాపులు ట్రియనాన్‌కి ముందటి దేశాన్ని చుట్టూ గీసి చూపించాయి. లిథువేనియా మ్యాపుల్లో విల్నో లిథువేనియాదే. సోవియట్ మ్యాపులు బెస్సరేబియాను రుమేనియాకి ఇవ్వకుండా వాలు గీతలతో నింపాయి. అమెరికా 1922 జులై దాకా బాల్టిక్ దేశాల్ని గుర్తించలేదు. 1940లో సోవియట్ యూనియన్ వాటిని కలుపుకుంటే దాన్నీ గుర్తించలేదు. అందుకే 1950ల అమెరికన్ మ్యాపులో ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా విడిగా కనిపించి, చూసినవాళ్లు అది 1930ల మ్యాపు అనుకోవడం మామూలే.

రెండోది పాత పలకలు. కొత్తగా చెక్కించడం ఖరీదు కాబట్టి యుద్ధానికి ముందటి రాతి మీదే సరిహద్దులు చెరిపి కొత్తవి వేశారు. 10 రెట్ల భూతద్దంతో పాత ఆస్ట్రియా-హంగరీ సరిహద్దు నడిచిన దారిని చూడండి. అక్కడ కొండల గీతలు తెగిపోయి, అక్షరాల మధ్య ఖాళీలు వింతగా ఉంటాయి. "ఆస్ట్రియా-హంగరీ" అన్న పెద్ద అక్షరాలు తీసేసిన చోట బోసిగా కనిపిస్తుంది. ఊళ్ల పేర్లు ప్రెస్‌బుర్గ్, లెంబెర్గ్, రెవాల్ అని పాతవే ఉండి సరిహద్దులు మాత్రం కొత్తవైతే, అది దిద్దిన పలక. దానివల్ల విలువ తగ్గదు. నా దృష్టిలో ఇలాంటి మ్యాపే ఎక్కువ ఆసక్తికరం, ఎందుకంటే దిద్దుబాటు ఎక్కడ ఆగిందో అక్కడ ఆ కార్యాలయానికి అందిన వార్త కూడా ఆగింది.

మ్యాపు మీదే దాగిన తేదీ ఉందేమో చూడండి. కింది అంచున, చట్రం గీతకి ఆనుకుని, చాలా చిన్న అక్షరాల్లో ముద్రణ సంకేతం ఉంటుంది. ఎడిన్‌బరోలోని బార్తలొమ్యూ సంస్థ ఇంగ్లీషు ఏ లేదా బి అక్షరం, పక్కన రెండంకెలు వేసేది. ఏ అంటే జనవరి-జూన్, బి అంటే జులై-డిసెంబరు, అంకెలు ఏడాది. బి 22 అని ఉంటే 1922 రెండో సగం. లండన్ ప్రచురణకర్తల్లో చాలామంది అచ్చు పని వీళ్లకే ఇచ్చేవారు, కాబట్టి పైన వేరే పేరు ఉన్నా కింద వెతకండి. గుడ్డ అంటించేటప్పుడు అంచు కోసేసి ఉంటే ఈ సంకేతం పోతుంది.

అసలుదా, తర్వాత తీసిన నకలా అన్నదానికి సరిహద్దులు సాక్ష్యం చెప్పలేవు. నకలులోనూ అవే సరిహద్దులు ఉంటాయి. ఇక్కడ అచ్చు చూడాలి. అదే భూతద్దంతో రంగు వేసిన ఖాళీ చోటు, సముద్రం లాంటిది, చూడండి. అప్పటి లితో అచ్చులో ఒక్కో రంగుకి ఒక్కో రాయి లేదా పలక. రంగు నిండుగా పూసినట్టు ఉంటుంది, లేదా ఒకే రంగు సన్నని గీతలుగా, చుక్కలుగా ఉంటుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు చిన్న పువ్వుల్లా అల్లుకుని ఏ రంగైనా కనిపిస్తే అది ఫొటో తీసి వేసిన ఆధునిక ఆఫ్‌సెట్ నకలు. నల్ల అక్షరాల అంచులు కూడా చూడండి. అసలులో అంచు తేటగా ఉంటుంది, నకలులో చుక్కలుగా చిట్లుతుంది. తర్వాత గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయండి. 1950 ప్రాంతం నుంచి కాగితంలో తెలుపు పెంచే రసాయనం కలపడం మొదలైంది. అది యూవీలో నీలి తెలుపుగా మెరుస్తుంది. 1922 కాగితం మెరవదు, మసక పసుపుగానో గోధుమగానో ఉంటుంది. గుడ్డ మాత్రం మెరిస్తే కంగారుపడకండి, తర్వాత ఎవరో మళ్లీ అంటించి ఉండొచ్చు, డిటర్జెంటు తగిలి ఉండొచ్చు. మడత గీత, మరక, చిరుగు కాగితంలో నిజంగా ఉన్నాయా, అచ్చులో బొమ్మగా ఉన్నాయా అని వేలితో తడిమి చూడటం అన్నిటికన్నా తేలిక.

ఇప్పటి మ్యాపు మీద పరచడం గురించి. స్కాన్ 400 నుంచి 600 డీపీఐలో చేయించండి. రోలర్లోంచి లాగే స్కానరులో పెట్టకండి, గుడ్డ మ్యాపు మడతల దగ్గర చిరుగుతుంది. పైనుంచి తీసేది, లేదా పరిచి ముక్కలుగా ఫొటో తీయడం మేలు. గుడ్డ మ్యాపును కోసి ముక్కలుగా అంటిస్తారు కాబట్టి ముక్కల మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందులు ఉంటాయి. వాటిని ముందే చిత్రంలో దగ్గరికి జరపాలి. లేకపోతే ఎన్ని బిందువులు పెట్టినా తప్పు మిగులుతుంది. తర్వాత క్యూజిఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరులోని జియోరెఫరెన్సర్‌లో అక్షాంశ, రేఖాంశ గీతలు కలిసే చోట్లనే ఆధార బిందువులుగా తీసుకోండి. ఊళ్లను తీసుకోవద్దు, ఊరి గుర్తు అరమిల్లీమీటరు జరిగినా నేల మీద కిలోమీటర్లు. యూరప్ అంత పెద్ద మ్యాపుకి 25, 30 బిందువులు అంచుల దాకా పరిచి పెట్టి, థిన్ ప్లేట్ స్ప్లైన్ ఎంచుకోండి. మొదటి తరగతి పాలినామియల్ పెడితే వంపు రేఖాంశాలు సరిపడక స్కాండినేవియా పక్కకి జరిగిపోతుంది.

సున్నా రేఖాంశం గ్రీన్‌విచ్‌దేనా అని చూసుకోండి. మీది లండన్ మ్యాపు కాబట్టి అదే అయ్యుంటుంది. ఫ్రెంచి మ్యాపులు పారిస్ నుంచి లెక్కపెడితే 2 డిగ్రీల 20 నిమిషాల 14 సెకన్లు కలపాలి. ఆస్ట్రియా సైనిక మ్యాపులు కేనరీ దీవుల్లోని ఫెర్రో నుంచి లెక్కపెడతాయి, 17 డిగ్రీల 40 నిమిషాలు తీసేయాలి. పాత రష్యన్ మ్యాపులు పెట్రోగ్రాడ్ దగ్గరి పుల్కోవో నుంచి, 30 డిగ్రీల 19 నిమిషాలు కలపాలి. సీషేప్స్ అనే డేటాలో 1886 నుంచి దేశాల సరిహద్దులు తేదీలవారీగా ఉన్నాయి. 1921 డిసెంబరు, 1923 మార్చి పొరలు రెండూ మీ మ్యాపు మీద వేసి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

ఎంత కచ్చితత్వం ఆశించాలో కూడా తెలుసుకోండి. పది లక్షలకు ఒకటి స్కేలులో 1 మిల్లీమీటరు గీత వెడల్పు నేల మీద 1 కిలోమీటరు. మీ మ్యాపు స్కేలు యాభై లక్షలకు ఒకటి అయితే అదే గీత 5 కిలోమీటర్లు. వెర్సాయ్ సంధికి జతచేసిన మ్యాపు కూడా పది లక్షలకు ఒకటే, దాని మీద ఎర్ర గీత. ఆ మ్యాపుకీ సంధి పాఠానికీ తేడా వస్తే పాఠమే చెల్లుతుందని 29వ అధికరణంలో రాశారు. నదులు సరిహద్దయిన చోట పడవలు తిరిగే నదికి ప్రధాన ప్రవాహమార్గం మధ్య గీత, తిరగనిదానికి నది మధ్య గీత అని 30వ అధికరణం. అసలు గీతను తర్వాత సరిహద్దు కమిషన్లు ఊరూరా తిరిగి రాళ్లు పాతి తేల్చాయి. ఐఫెల్ కొండల్లో ఫెన్‌బాన్ రైలు పట్టాలు బెల్జియానికి ఇచ్చారు, దాంతో పట్టాలకి పడమట జర్మన్ ఊళ్లు ద్వీపాల్లా మిగిలిపోయాయి. ఆ ముక్కలు మీ మ్యాపు స్కేలులో ఇమడవు. కాబట్టి ఏదైనా పల్లె ఏ దేశంలో ఉందో తేల్చడానికి గోడ మ్యాపును సాక్ష్యంగా తేకండి. దానికి 75,000కి ఒకటి లేదా 1,00,000కి ఒకటి స్కేలు సైనిక మ్యాపులు కావాలి.

దాచడం గురించి, కోస్తా ఉక్కపోతలో ఉన్నవారికి ఇది ముఖ్యం. సెల్లో టేపు ఎక్కడా వేయొద్దు, దాని జిగురు గోధుమ రంగుకి తిరిగి కాగితంలోకి దిగుతుంది, మళ్లీ రాదు. లామినేషన్ అసలే వద్దు. చిరుగుకి జపనీస్ టిష్యూ కాగితం, గోధుమ పిండిలోంచి తీసిన స్టార్చితో వండిన గంజి వాడాలి. బజారు గమ్ము, ఫెవికాల్ వద్దు. తడిగుడ్డతో తుడవద్దు, చేత్తో వేసిన రంగులు కరుగుతాయి. మెత్తని బ్రష్షుతో మధ్య నుంచి అంచుకి దుమ్ము తీయండి, చాలు. గోడకి వేలాడదీసే మ్యాపుకి పైన వార్నిష్ ఉంటే చుట్టేటప్పుడు చిట్లుతుంది. కనీసం 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టం చుట్టూ, ఆమ్లం లేని కాగితం ముందు చుట్టి, దాని మీద వదులుగా చుట్టండి. మీది మడతల మ్యాపు కాబట్టి వీలైతే మడత విప్పి పాలియెస్టర్ ఫోల్డర్‌లో పరిచి ఉంచండి. పీవీసీ కవరు వద్దు. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడాలి. బయటిగోడకి ఆనించిన బీరువా కింది అర అన్నిటికన్నా చెడ్డ చోటు. కలరా ఉండలు కాగితానికి తగిలేలా పెట్టకండి. సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి తెరిచి సిల్వర్ ఫిష్ పురుగులు, చెదలు వచ్చాయేమో చూడండి. ఫ్రేము కట్టిస్తే అద్దానికీ కాగితానికీ మధ్య మౌంటు బోర్డు ఎడం ఉండాలి, వెనక ప్లైవుడ్ నేరుగా తగలకూడదు.

అదే పెట్టెలో భారతదేశం మ్యాపులు కూడా ఉన్నాయని రాశారు. వాటికీ ఇదే సూత్రం. బర్మా ఇండియాలోనే ఉంటే గీసిన కాలం 1937 ఏప్రిల్ 1కి ముందు. బరంపురం, గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంటే 1936 ఏప్రిల్ 1కి ముందు, ఆ రోజున అవి ఒరిస్సాలో చేరాయి. సింధు బొంబాయి నుంచి విడిపోయిందీ ఆ రోజే. బీహారు-ఒరిస్సా ఒకే రాష్ట్రంగా ఉంటే 1912 తర్వాత. ఒకవేళ వీటిలో డెబ్బై ఐదేళ్లు దాటినవి విదేశంలో ఎవరికైనా అమ్మాలనో పంపాలనో అనుకుంటే, 1972 పురావస్తు చట్టం గుర్తుంచుకోండి. పురావస్తువు కాదని పురావస్తు శాఖ ధ్రువపత్రం లేకుండా పోస్టులో వేయకండి.

ఇప్పటికి మూడు ఫొటోలు చాలు: కింది అంచు ఎడమ నుంచి కుడి దాకా, షోప్రాన్ చుట్టుపక్కల, మెమెల్ దగ్గర రంగు స్పష్టంగా కనిపించేలా. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీయండి. షోప్రాన్ మేకు ఉండి, మెమెల్ రంగు వేరుగా ఉంటే 1922 అని పెన్సిలుతో ఫోల్డరు మీద రాసుకోండి. మ్యాపు మీద మాత్రం రాయొద్దు.